పగిలిన కప్పుల ఫిబ్రవరి

వంతెన దిగి టోమా దీవి వైపు మళ్లే మలుపులో ఏబ్రమ్ చిజమ్ ఉన్నట్టుండి బడిపిల్లల వ్యాన్‌కి బ్రేకు వేశాడు. పోటు నీరు పూర్తిగా తీసేసి, రోడ్డుకి రెండు వైపులా ఉప్పుగడ్డి నడుమ నల్లటి బురద మెరుస్తోంది. ఆ పక్కన కంకర మీద, భుజాన పెద్ద గుడ్డసంచీతో మిస్ డూనీ నడిచి వస్తోంది. మంగళవారం నాడు నెత్తిన ఊదారంగు టోపీ, దానికి గుచ్చిన కొంగ ఈక. ఆ టోపీ పెట్టెలోంచి బయటికి వచ్చిందంటే దీవిలో రెండే కారణాలు చెబుతారు: ఆరాధన, లేదా తగువు. మంగళవారం ఆరాధన లేదు.

"మిస్ డూనీ! ఇంత ఎండలో ఎక్కడ్నించి? ఎక్కండి, బడి వైపే వెళ్తున్నా."

"ఫిబ్రవరిలో ఎండేంట్రా? నడవడం మర్చిపోయినవాడికి అన్నీ ఎండలే."

"సరే, ఎండ లేదు. ఎక్కండి. ఆ సంచి వెనక పడేయండి, నేను చూసుకుంటా."

ఆవిడ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. "పడెయ్యాలా? ఒకసారి పడేశావుగా నాయనా, సరిపోలేదా?"

సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల ఏదో గలగలమంది. చెత్త పారబోసే స్థలం వంతెన అవతలే ఉందన్న సంగతి ఏబ్రమ్‌కి అప్పుడు తట్టింది. శనివారం నాడు తన చేతులతోనే నాలుగు నల్ల సంచులు అక్కడ దించి వచ్చాడు.

"మెల్లగా నడుపు," అంది ఆవిడ. "గుంటల్లో దూకించావంటే ఊరుకోను. ఇందులో మీ అమ్మ కూడా ఉందేమో, తెలీదు."

మూడు దశాబ్దాలు పెద్ద లారీ తోలినవాడు ఏబ్రమ్. మంచుకొండల మీదా ఎడారుల్లోనూ తోలాడు. ఆ మధ్యాహ్నం మాత్రం బడి దాకా ప్రతి చిన్న గుంటకీ బ్రేకు వేశాడు.

మిగతా కథలోకి వెళ్లేముందు ఈ టోపీ సంగతి చెప్పుకోవాలి. లేకపోతే మిస్ డూనీ అర్థం కాదు.

డూనీ అన్నది ఆవిడ బుట్టపేరు. దీవిలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఒకటి ఉంటుంది. చర్చిలో పెట్టిన పేరు సర్కారుకి, బుట్టలో పడుకోబెట్టి పిలిచిన పేరు మనుషులకి. సర్కారుకి ఆవిడ థామసీనా మంగిన్. ఎదిగీ ఎదగని వయసులో, ఆల్చిప్పలు తెరిచి మాంసం ఒలిచే షెడ్డులో కత్తి పట్టింది. పాటలు పాడితే పని మందగిస్తుందని అక్కడి మేస్త్రీ నోరు మూయమన్నాడట. పిల్ల నోరు మూసింది, కత్తి కూడా మూసింది. పాట మొదలైతేనే చిప్ప తెరుచుకుంటుందని అందరికీ వినబడేలా చెప్పింది. షెడ్డులో ఆడవాళ్లంతా కత్తులు దించారు. ఆ సాయంత్రానికి పాట తిరిగి వచ్చింది.

పెళ్లయ్యాక, మొగుడితో పాటు ఆ పెళ్లీ సముద్రం పాలయ్యాక, వంతెన అవతలి పెద్ద హోటల్లో బట్టలుతికే గదిలో చేరింది. బట్టలుతికేవాళ్లు వెనక దారిన పోవాలని అక్కడ నియమం. వచ్చిన దొరలకి వాళ్లు కనబడకూడదు. మిస్ డూనీ మొదటి జీతంతో ఊదా టోపీ కొనుక్కుంది. ఆనాటి నుంచి పని మానేసిన రోజు వరకు, ప్రతి సాయంత్రం ఆ టోపీ పెట్టుకుని, పాలరాతి వరండా మధ్యలోంచి, దీపాల గుత్తుల కిందుగా నడిచి ముందు తలుపులోంచే బయటికి వచ్చేది. మేనేజర్లు మారారు. ప్రతి కొత్త మేనేజరూ ఒకసారి ఆపేవాడు. "బస్సు ముందు వైపే ఆగుద్ది బాబూ," అనేది. బస్సు నిజంగానే ముందు వైపే ఆగేది. అంతకు మించి ఆ సంభాషణ ఎప్పుడూ సాగలేదు. ఎందుకంటే ఆవిడ ఆగేది కాదు. వచ్చేటప్పుడు పలకరింపు గానీ వెళ్లేటప్పుడు వీడ్కోలు గానీ ఆవిడకి అలవాటు లేవు; మాట అయిపోతే మనిషి అయిపోయినట్టే.

మూడింటికి బడి వదులుతారు. తల్లులు హోటళ్లలో పక్కలు మార్చి, గదులు తుడిచి, బస్సులో దీవికి చేరేసరికి పొద్దు గూకుతుంది. ఈ మధ్య వేళ ఎవరిదీ కాదు. ఆ వేళ ఒక పిల్ల ఒంటరిగా పొయ్యి వెలిగించబోయి చెయ్యి కాల్చుకున్నాక, మిస్ డూనీ చర్చి వెనక హాలు తాళం తీయించింది. దాన్నే దీవిలో మూడు గంటల బడి అంటారు. టమాటాతో ఎర్రగా వండిన అన్నం, నువ్వుల బిళ్లలు, ఇంటిలెక్కలు, మధ్యమధ్య మొట్టికాయలు. ఫిబ్రవరి వస్తే నల్లజాతి చరిత్ర నెల. గోడ నిండా మహానుభావుల బొమ్మలు, అరువు కోట్లు, దూది మీసాలు. ఒక్కొక్కరే ముందుకొచ్చి "నేను ఫలానా, నేను ఫలానా ఘనకార్యం చేశాను" అని అరిచి పారిపోవడం. ఏబ్రమ్ కూతురు ఓ ఏడు చేతిలో వేరుశెనగకాయలతో ఎవరో శాస్త్రవేత్తగా నిలబడింది. అతను ఆ ఫొటో నెబ్రాస్కాలో ఒక లారీల హోటల్లో చూసుకున్నాడు. అతని జీవితంలో చాలా సంగతులు అలాగే జరిగాయి, అతను లేనప్పుడు.

ఆ హాల్లో ఒకటే నియమం. నేల మీద ఒక్క చిత్తుకాగితం కనబడకూడదు. "నేల చూసి మనిషి ఎవరో చెప్పచ్చు," అనేది. ఈ ఏడు జరిగిన ఘోరానికి మూలం ఆ నియమమే.

దూది మీసాలు ఆవిడకే విసుగెత్తాయి. ఈసారి పిల్లలు సొంత తాతముత్తాతల సమాధుల చుట్టూ చెత్త ఏరి శుభ్రం చేస్తే అదే చరిత్ర నెల అనుకుంది. సమాధుల తోట మార్ష్‌విక్ ప్లాంటేషన్ గేటు లోపల ఉంది. ప్లాంటేషన్ అన్న మాటని బంగారు రంగు అక్షరాల్లో గేటు మీద రాయించుకునేవాళ్లని చూస్తే ఏబ్రమ్‌కి ఎప్పుడూ వింతే. దీవివాళ్ల ముత్తవ్వలు బానిసలుగా, కొరడా కింద పత్తి ఏరిన చోటు అది. ఇప్పుడు బంగళాలు, గోల్ఫ్ మైదానం, రంగుల పూలచెట్లు. చనిపోయినవాళ్లని నీటి ఒడ్డున పూడ్చడం దీవి ఆచారం, గొలుసులతో వచ్చిన నీటి దారినే ఆత్మ తిరిగి ఇంటికి పోవాలని. తర్వాత వచ్చినవాళ్లకి కూడా నీటి ఒడ్డే నచ్చింది. చుట్టూ గోడ కట్టుకున్నారు. సమాధులు లోపల పడ్డాయి.

శనివారం ఏబ్రమ్ పిల్లల్ని తీసుకెళ్లి, గోల్ఫ్ మైదానం పక్క నీడలో వ్యాన్ ఆపుకుని కునుకు తీశాడు. మిస్ డూనీ మోకాలు వాచి హాల్లోనే ఉండిపోయి అన్నం వండింది. పిల్లలు ఆవిడ నేర్పినట్టే చేశారు. నేల మీద ఒక్కటీ వదల్లేదు. విరిగిన కప్పులు, సగం పింగాణీ పళ్లేలు, లాంతరు చిమ్నీలు, ముళ్లు ఆగిపోయిన గడియారం, చిల్లుపడిన గిన్నె, అన్నీ సంచుల్లోకి ఎత్తేశారు. గలగలమంటున్న సంచుల్ని ఏబ్రమ్ సీసాలనుకుని మోశాడు. మంగళవారం పొద్దున తోటకి వెళ్లి బోసి మట్టి చూసుకున్నాక గానీ మిస్ డూనీకి సంగతి తెలియలేదు.

ఈజిప్టు రాజులు బంగారాన్ని రాతిగదుల్లో దాచి, వాకిళ్లకి శాపాలు చెక్కించుకుని పోయారు. అయినా దొంగలు వదల్లేదు. టోమా దీవివాళ్లు మనిషి చివరిసారి తాగిన కప్పునీ, చివరిసారి తిన్న పళ్లేన్నీ పగలగొట్టి, ఆరుబయట, సమాధి మట్టి మీదే పెట్టి వచ్చారు. పగలగొట్టడం ఎందుకంటే చావు గొలుసు అక్కడితో తెగాలని, ఇంట్లో ఇంకొకరిని లాక్కుపోకూడదని. చితి చుట్టూ తిరిగి కుండకు చిల్లులు పొడిచి పగలగొట్టే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వాటిని ముట్టుకుంటే ఆ మనిషి వెంటపడి ఇంటికి వస్తుంది. ఈ మాట దీవిలో పెద్దలందరికీ ఎంత బాగా తెలుసంటే, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నిప్పు కాలుతుందని చెప్తామా? తల్లి చెయ్యి పట్టుకుని సమాధుల మధ్య నడిచిన పిల్లలకి తల్లి పాదం ఎక్కడ పక్కకి జరుగుతుందో చూస్తేనే అర్థమయ్యేది. తర్వాత గోడ లేచింది. తల్లులకి రెండు ఉద్యోగాలయ్యాయి. చెయ్యి పట్టుకుని నడవడం ఆగిపోయింది. చెప్పని మాట చెప్పకుండానే పోయింది.

ఆ మంగళవారం మూడింటికి పిల్లలు హాల్లోకి దూకుతూ వచ్చి, టోపీ చూసి ఆగిపోయారు. బల్ల మీద తెల్లదుప్పటి. దాని మీద పెంకులు.

"ఎవరు చెప్పారు ఇవి ఏరమని?"

పిల్లలు ఒకరి వెనక ఒకరు నక్కారు. చివరికి కిమోరా ముందుకొచ్చింది. పదకొండేళ్ల పిల్ల, నోరు మాత్రం నలభై ఏళ్లది.

"మీరే చెప్పారు. నేల మీద ఏదీ ఉండకూడదన్నారు. పగిలిన కప్పులు చెత్త కాకపోతే ఏంటి మిస్ డూనీ?"

ఆవిడ కుర్చీ లాక్కుని, వాచిన మోకాలు చాపి కూర్చుంది.

"నిజమే. నేనే అన్నాను," అంది. "తప్పు నీది కాదు. దగ్గరకి రండి."

చెప్పింది. చివరి గుక్క సంగతి, గొలుసు తెగడం సంగతి, ముట్టుకుంటే వెంట రావడం సంగతి. ఆఖరి మాటకి గది ఒక్కసారిగా కేకలతో నిండిపోయింది.

"అయితే మా ఇంటికి ఎవరొచ్చారు?"

"నాకు మొన్న గదిలో చప్పుడైంది! అమ్మ పిల్లి అంది!"

"మాకు పిల్లే లేదు మిస్ డూనీ!"

"నోర్ముయ్యండి," అంది ఆవిడ. "వచ్చింది ఎవరు? మీ తాతే కదా, మీ ముత్తవ్వే కదా? అంత దూరం నడిచి వచ్చారు. ఓ ముద్ద పెట్టండి. పెట్టాక, తిరిగి తీసుకెళ్లి దింపండి. ఇంటికొచ్చినవాళ్లని దింపకుండా వదిలేస్తారా ఎవరైనా?"

"ఎవరిది ఎక్కడిదో మాకెలా తెలుస్తుంది?" అంది కిమోరా.

"నాకూ తెలీదు. మా ఇంటివి రెండు గుర్తుపట్టాను, అంతే. మిగతావి వెళ్లి అడగాలి."

ఆ ఫిబ్రవరి గోడల మీద ఒక్క బొమ్మా పడలేదు. పొద్దు గూకే దాకా వ్యాను దీవి అంతా తిరిగేది. ఇద్దరిద్దరు పిల్లలు ఒక్కో పెంకు చేత్తో పట్టుకుని, నీలిరంగు వేసిన తలుపులు తట్టేవాళ్లు. "అమ్మా, ఇది ఎవరిదో చెప్తారా?" కొందరు తలుపు మొహాన వేశారు, దీవిలో పుట్టినవాళ్లకి ఆ పెంకు గుమ్మంలో కనబడటమే ఓ దడ. మరి కొందరు కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

ముసలి చేపలాయన ఐసమ్ గ్రాంట్ లాంతరు చిమ్నీ చూసి వల అల్లడం ఆపేశాడు. "గ్రానీ హేగర్ లాంతరు ఇది. ఎవరింట్లో నొప్పులొచ్చినా ఈ దీపం పట్టుకుని నీళ్లలో నడిచి వచ్చేది. నన్ను లాగింది, మీ తాతని లాగింది, మీ ప్రిన్సిపాల్ తండ్రినీ లాగింది. ఆ ఒక్కణ్ణి లోపలికి తోసేసుంటే బాగుండేది," అని నవ్వాడు. పిల్లలు ఆ మాట బళ్లో చెప్పకుండా ఉండలేకపోయారు.

రూబెల్ అక్కచెల్లెళ్లిద్దరు ఒక పళ్లెం చూసి తమ తల్లిదేనన్నారు, అంతలోనే కయ్యానికి దిగారు. తల్లి చివరిసారి అందులో తిన్నది బెండకాయ పులుసని పెద్దది, రొయ్యల గంజని చిన్నది.

"నువ్వు ఆ రోజు ఊళ్లోనే లేవే!"

"ఉన్నాను కాబట్టే కడిగింది నేను! రొయ్య తోక గొంతులో పడిందని దగ్గింది కూడా!"

పిల్లలు తలలు అటూ ఇటూ తిప్పుతూ విన్నారు. కిమోరా రెండు వంటలూ రాసుకుంది.

అంచు అరిగిపోయిన ఒక కాఫీ కప్పు ఉంది. దాన్ని గుర్తుపట్టింది మంచంలో ఉన్న ఒక ముసలమ్మ. నల్లవాళ్ల పేర్లు రాసుకోని రోజుల్లో ఆవిడ భర్త ప్రైమస్ ఓటు నమోదుకి కచేరీకి పోయాడట. గుమాస్తా రేపు రమ్మన్నాడు. ఆయన బల్ల మీద కూర్చున్నాడు. తలుపులు మూసే దాకా కూర్చుని, మర్నాడు తెరిచేసరికి మళ్లీ వచ్చాడు, ఈసారి ఈ కప్పు తెచ్చుకున్నాడు. అలా వారాలు. "వాళ్ల మనసు మారి కాదమ్మా," అంది ముసలమ్మ, "ఆయన కప్పు కొరుకుతుంటే వచ్చే చప్పుడు భరించలేక పేరు రాసేసుకున్నారు." కిమోరా ఆ కప్పు ఇంకెవరికీ ఇవ్వనంది.

ఏబ్రమ్‌కి తన సంగతి తనకుంది. తల్లి పోయినప్పుడు అతను మంచులో ఇరుక్కున్నాడు. చేరేసరికి మట్టి ఆరిపోయింది. సమాధి మీద ఏం పెట్టారో చూడలేదు, అడగలేదు. ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉన్న అక్కకి ఫోన్ చేశాడు.

"ఏం పెట్టామంటావేంట్రా? నువ్వు తెచ్చిందే కదా," అంది అక్క. "ఆ దరిద్రపు కుందేలు కప్పు."

"ఏ కుందేలు?"

"కొమ్ములున్న కుందేలు. వ్యోమింగో ఏదో, అక్కడ్నించి తెచ్చి ఇచ్చావు. చూసినప్పుడల్లా నవ్వేది, కుందేలుకి కొమ్ములేంటి, నా కొడుక్కి బుద్ధేంటి అని. అందులో తప్ప దేంట్లోనూ తాగేది కాదు."

హాల్లో ఎవరూ లేనప్పుడు ఏబ్రమ్ బల్ల మీద వెతికాడు. చెవి విరిగిన కప్పు మీద, వాన తిన్నంత తిని మిగిల్చిన ఒక కొమ్ము కనబడింది. లారీలు ఆగే చోట, చిల్లర మార్చుకోవడానికి కొన్న కప్పు అది.

మార్ష్‌విక్ ఇళ్ల యజమానుల సంఘం తరఫున మిసెస్ ప్రూయిట్ ఒక సాయంత్రం పెద్ద కేకుతో వచ్చింది. వ్యాన్ ఇచ్చింది ఆ సంఘమే. ఏబ్రమ్‌కి జీతమిచ్చేదీ వాళ్లే. సమాధుల తోట ఇంత అందంగా ఎప్పుడూ లేదని పిల్లల్ని మెచ్చుకుంది. తర్వాత బల్ల చూసింది. ఒక్కో పెంకు పక్కన పిల్లల చేతిరాతలో ఒక్కో పేరు.

"ఎంత బావుంది! ఇవి మా క్లబ్బులో అద్దాల బీరువాలో పెడదామా? ఈ నెలంతా? పిల్లలొచ్చి వివరిస్తారు."

"ఇవి అద్దాలకి కావు," అంది మిస్ డూనీ. "శనివారం తీసుకెళ్లి ఎక్కడివక్కడ పెట్టేస్తాం."

మిసెస్ ప్రూయిట్ నవ్వు చెరగలేదు, కాస్త బిగుసుకుంది. "అదొక్కటి కుదరదండీ. నేల మీద గాజు పెంకులు మా నియమాలకి విరుద్ధం. ఎవరికైనా గుచ్చుకుంటే? మీరు సమాధులు చూడ్డానికి రావచ్చు, నేనే పాస్ ఇస్తాను. వస్తువులు మాత్రం తేవద్దు."

"మావాళ్లు మీ గేటు లోపలే ఉన్నారు. వాళ్లకి పాస్ ఎవరిచ్చారు?"

"నేను అలా..."

"వాళ్లు మీ దగ్గరికి రాలేదమ్మా. పడుకున్నవాళ్ల చుట్టూ మీరొచ్చి గోడ కట్టారు. సద్దుకుని పడుకోమని ఇప్పుడు వాళ్లకే చెప్తున్నారు."

"ఈ వ్యాన్ అలాంటి పనులకి వాడటానికి సంఘం ఒప్పుకోదు," అని మిసెస్ ప్రూయిట్ ఏబ్రమ్ వైపు తిరిగింది, మగవాడు కాస్త అర్థం చేసుకుంటాడన్నట్టు.

ఏబ్రమ్ జేబులోంచి వ్యాన్ తాళాలు తీశాడు. ఎక్కడ పెట్టాలో ఒక్క క్షణం తోచలేదు. బల్ల మీద పెంకులున్నాయి. కేకు మధ్యలో, 'ధన్యవాదాలు' అని రాసిన క్రీము మీద గుచ్చాడు.

"ఒరేయ్," అంది మిస్ డూనీ, మిసెస్ ప్రూయిట్ వెళ్లాక, "కేకు పాడుచేశావు కదరా."

"తాళాలున్న చోటు వదిలేసి తినచ్చు."

పిల్లలు తాళాల చుట్టూ ఉన్నదంతా తిన్నారు.

శనివారం నడిచి వెళ్లారు. సంచులు వద్దంది మిస్ డూనీ. "సంచిలో ఉంటే చెత్తంటారు. చేత్తో పట్టుకోండి, ఎవరిదో అడిగితే పేరు చెప్పండి." ఓక్ చెట్ల కింద దారి పొడుగునా పిల్లలు రెండు చేతుల్లో పెంకులు పట్టుకుని, తొణికే నీళ్లు మోస్తున్నంత జాగ్రత్తగా నడిచారు. తలుపులు మొహాన వేసినవాళ్లలో ముగ్గురు వెనకాల చేరారు.

గేటు దగ్గర ఎరుపు తెలుపు చారల అడ్డుకర్ర. కాపలా గదిలో మాలకై, దీవి ఉత్తరపు కొసవాడే.

"మిస్ డూనీ, దణ్ణం పెడతా. వస్తువులుంటే పంపొద్దని ఫోనొచ్చింది. నా ఉద్యోగం పోద్ది."

"నీ ఉద్యోగం ఏంట్రా?"

"కర్ర లేపడం, దించడం."

"ఎవరికి?"

"కార్లకి."

"మేం కార్లమా?"

ఇద్దరు చిన్నపిల్లలు అప్పటికే కర్ర కిందుగా దూరబోతున్నారు. "ఆగండి!" అన్న కేకకి ఓక్ చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. "ఒక్కరు కూడా వంగడానికి వీల్లేదు. ఈ కర్ర కింద ఎవరు వంగినా నా హాల్లో అడుగు పెట్టద్దు."

"మరెలా?" అన్నాడు ఏబ్రమ్ మెల్లగా.

"నిలబడదాం."

నిలబడ్డారు. రోడ్డుకి అడ్డంగా, కర్రకి ఎదురుగా. కిమోరా అంచు అరిగిన కప్పు పట్టుకుని ఆవిడ పక్కన నిలబడింది. ఏబ్రమ్ కొమ్ముల కుందేలుని కడుపుకి ఆనించుకున్నాడు. తోటపని లారీ ఒకటి వెనక వచ్చి ఆగింది. దాని వెనక ఒక వెండిరంగు కారు, దాని వెనక కుళాయిలు బాగుచేసేవాడి బండి. వెండిరంగు కారు హారన్ మోగింది. మిస్ డూనీ టోపీ ఈక కూడా కదల్లేదు. ఆల్చిప్పల షెడ్డులో పాడిన పాట ఎవరో వెనక నుంచి ఎత్తుకున్నారు. పిల్లలకి మాటలు రావు, తాళం వేశారు, పాదాలతో. కుళాయిల బండి హారన్ కూడా పాటలో కలిసిపోయింది. బంగళాల వైపు నుంచి ఎవరో కిటికీలు తెరుస్తున్నారు.

మాలకై గదిలో ఫోన్ మోగుతోంది. వాడు ఫోన్ వైపు చూశాడు, కార్ల వైపు చూశాడు, మిస్ డూనీ వైపు చూసి చప్పున తల తిప్పేసుకున్నాడు.

"కుళాయిల బండి లోపలికి పంపుతున్నా!" అని ఆకాశానికి వినబడేలా అరిచాడు. "నేను లేపేది కుళాయిల బండికే! అందరూ చూస్తున్నారుగా!"

కర్ర లేచింది. దాని కింద ముందుగా నడిచింది కుళాయిల బండి కాదు. మిస్ డూనీ తన మోకాలు ఎంత నెమ్మదిగా నడవనిస్తే అంత నెమ్మదిగా, తలెత్తుకుని, పాలరాతి వరండాలో నడిచినట్టే నడిచింది. పిల్లలు నడిచారు. పాట నడిచింది. చివరి పిల్ల దాటేదాకా కర్ర పైనే ఉంది.

సమాధుల తోటలో ముందు మాట్లాడింది పిల్లలే. "ఇక్కడమ్మా గ్రానీ హేగర్." "ఇది రూబెల్ వాళ్లమ్మ, బెండకాయ పులుసో రొయ్యల గంజో." కిమోరా ప్రైమస్ కప్పుని మట్టిలో కాస్త నొక్కి పెట్టి, "మేమూ నిలబడ్డాం తాతా, వారాలు కాదులే," అంది. ఎవరిదో తేలని పెంకులు కొన్ని మిగిలాయి. నీటి వైపు, రాయీ పేరూ లేక కుంగిపోయిన గుంటలున్నాయి, దీవికి మొదట గొలుసులతో వచ్చినవాళ్లవి.

"పేరు తెలీనివి ఏం చెయ్యాలి?" అని అడిగారు.

"పేరు తెలీనివాళ్లకే పెట్టండి. ఇన్నాళ్లూ వాళ్లకెవరూ ఏదీ పెట్టలేదు."

ఏబ్రమ్ తల్లి రాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కప్పుని కుందేలు బొమ్మ ఆవిడ వైపు ఉండేలా తిప్పి పెట్టాడు. ఏదో అనాలనుకున్నాడు. "కొమ్ములు చెరిగిపోతున్నాయమ్మా," అన్నాడు, అంతకన్నా తోచలేదు.

మిసెస్ ప్రూయిట్ గోల్ఫ్ బండిలో వచ్చేసరికి అన్నీ అమిరిపోయాయి. పింగాణీ మీద ఎండ పడి నేలంతా అక్కడక్కడ మెరుస్తోంది. ఆవిడ దిగింది, పిల్లలున్నారని అరవలేదు. "సోమవారం ఇవన్నీ తీయించేయాల్సి వస్తుంది. నాకు వేరే దారి లేదు."

"తీయించండి," అంది మిస్ డూనీ. "మంగళవారం మళ్లీ వస్తాం. పిల్లలకి బడి మూడింటికి వదులుతారు. పొద్దు గూకే దాకా మాకేం పని లేదు. ఈ ఫిబ్రవరి అయిపోతే ఇంకో ఫిబ్రవరి వస్తుంది. పిల్లలు పుడుతూనే ఉంటారు."

గేటు దగ్గర వెనక ఆగిన తోటపని లారీ కూడా లోపలికి వచ్చి ఉంది. ఆ పనివాళ్ల పెద్ద, దీవివాడే, చేతిలో పార పట్టుకుని వింటున్నాడు. మిసెస్ ప్రూయిట్ అతని వైపు చూసింది. అతను సమాధుల మీది పెంకులు చూశాడు, టోపీ తీసి రొమ్ముకి ఆనించుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు. అతని వెనకున్నవాళ్లు కూడా వేశారు.

"నేను ముట్టుకోనమ్మగారూ," అన్నాడు. "కావాలంటే ఇంకెవరినైనా పిలిపించుకోండి. వంతెన ఇవతల ఎవడూ రాడు."

మిసెస్ ప్రూయిట్ ఫోను తీసి, ఎవరికో చేస్తూ పక్కకి నడిచింది. సోమవారం ఎవరొస్తారో, వాళ్లు ఎంత దూరం నుంచి రావాలో ఏబ్రమ్‌కి తెలియదు. ఇక వ్యాన్ లేదు, జీతం లేదు. మంగళవారం పిల్లల్ని ఇక్కడికి ఎలా చేర్చాలా అని మాత్రం అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాడు. ఐసమ్ గ్రాంట్‌కి చేపల లారీ ఒకటి ఉంది, కాస్త వాసనొస్తుంది గానీ పిల్లలు పడతారు.

"మిస్ డూనీ, ఐసమ్ గారి లారీ అడిగితే..." అని తిరిగాడు.

ఆవిడ లేదు. అప్పటికే ఓక్ చెట్ల కింద సగం దారిలో ఉంది. మోకాలు ఈడ్చుకుంటూ, మార్ష్‌విక్ వాళ్ల తెల్లకంకర బాట నడిమధ్యన, బంగళాలకి ఎదురుగా నడుస్తోంది. ఊదా టోపీ మీద ఈక ఒక్కటే గాలికి కదులుతోంది. ఆవిడ వెనక్కి చూడలేదు. గేటు దగ్గర కర్ర ఇంకా పైకే ఉంది.